సిద్ధాంతవ్యాస రచన – పోషకుల ధర్మము

(వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నన్ను విద్యాభివృద్ధినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని యాజ్ఞాపించిరి. బాలురను బడికి పంపుడని మన పెద్దలు ఇట్టి వేదికలమీద చెప్పిరి. బాలికలనుగూడ పంపుడని వారి తరువాతివారు చెప్పిరి. ఆ రెండు మాటలును ఫలించినవి. నేడు మన పిల్లలు ఎం.ఏ. పట్టముతో తృప్తి నొందక, తెలుగు, సంస్కృతము, చరిత్ర, సమాజశాస్త్రము మొదలగు విషయములలో పిహెచ్.డి. పట్టమునకై విశ్వవిద్యాలయములలో చేరుచున్నారు. చేరినవారిలో నే నెఱిగిన పలువురు నడుమనే నిలిచిపోయిరి. బుద్ధి చాలక నిలిచినవారు వారిలో లేరు. కొందఱు ప్రశ్న దొరకక నిలిచిరి; కొందఱు కాగితములు దొరకక నిలిచిరి; కొందఱు పట్టణమున గది కిరాయి చెల్లింపలేక నిలిచిరి; ఒకరిద్దఱు పెద్దలకు వెఱచి నిలిచిరి. కావున సిద్ధాంతవ్యాసమన నేమి, దాని నెట్లు తలపెట్టి యెట్లు ముగింపవలెను, ఆ పనిలో మనబోటి పెద్దలు చేయదగిన దేమి, చేయరాని దేమి యను విషయమును నేడు మీ ముందుంచుచున్నాను.

ముందుగా నా తప్పును నేనే చెప్పుకొనుట న్యాయము. ముప్పదియేండ్లకు పైబడిన మాట. అప్పుడు నేనొక పల్లెబడిలో భాషోపాధ్యాయుడను. మన సీమలోని సంస్కృత పండితులనుగూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాయుదునని పేరు నమోదు చేయించుకొంటిని. ప్రతి వేసవి సెలవులకును సంచి భుజమున వేసికొని యూరూర తిరిగితిని. ఏడేండ్లలో తొమ్మిదివందల చీటీలు కూడినవి. పండితుని పేరు, ఊరు, గురువు, చదివిన శాస్త్రము, చేసిన గ్రంథము – అన్నియు ముత్యములవంటి యక్షరములతో వ్రాసికొంటిని. నా పర్యవేక్షకులు కనబడినప్పుడెల్ల "నీ ప్రశ్న యేది?" అని యడిగెడివారు. "ఇంకను సామగ్రి చాలదండి" అని నేను చెప్పెడివాడను. వ్యాసమున నొక్క పుటయైన వ్రాయకుండగనే గడువు తీరినది. చీటీల పెట్టె అటుక కెక్కినది. రెండు వానకాలములు గడచిన పిదప దించి చూడగా చెదలు తినివైచినవి. చాలకాలము చెదలను దూషించితిని. చెదలు ముట్టకున్నను అవి చీటీలుగనే యుండెడివని నాకు ఆలస్యముగ తెలిసినది. వానిలో సంగతులు కలవు గాని సంశయము లేదు. సంశయము లేనిచోట విచారణ పుట్టదు. విచారణ లేనిచోట సిద్ధాంత మెక్కడిది?

సిద్ధాంతవ్యాసమను పేరులోనే దాని లక్షణము దాగియున్నది. మన మీమాంసకులు ఒక్కొక్క యధికరణమునకు అయిదంగములు చెప్పిరి: విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి. నేటి విశ్వవిద్యాలయములు కోరునదియు నిదియే. దేనినిగూర్చి విచారించుచున్నామో అది విషయము. అందు తేలని దేదో అది సంశయము. ఇదివఱ కితరులు చెప్పినది పూర్వపక్షము. దానిని వారు విన్నను "ఔను, మేమన్న దిదియే" అని యొప్పుకొనునంత బలముగ చెప్పవలెను; బలహీనముగ చెప్పి ఖండించుట గెలుపు కాదు. అటుపిమ్మట ప్రమాణములతో తాను తేల్చినది సిద్ధాంతము. ఒక ప్రకరణమునకును మఱియొక ప్రకరణమునకును గల లంకె సంగతి. ఈ యయిదింటిలో మన విద్యార్థులు తఱచు విడిచిపెట్టునది రెండవది. విషయమునుండి తిన్నగ సిద్ధాంతమునకు దుముకుదురు. అది స్తోత్రమగును గాని శాస్త్రము కాదు.

సంశయమునుండి గ్రంథ మెట్లు పుట్టునో చూచుటకు దూరము పోనక్కఱలేదు. జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు సురవరము ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము. 1896లో జన్మించి 1953లో దివంగతులైన ఆ మహనీయుడు న్యాయశాస్త్ర పట్టభద్రుడు. పరిశోధన పట్టము లేనివాడు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించెను. తెలంగాణమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాయగా ఆయన కోపముతో సరిపుచ్చుకొనలేదు. కవుల వివరములను, పద్యములను పంపుడని యన్ని తావులవారిని కోరెను. వచ్చినవానిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. అందు 354 కవులు కానవచ్చిరి. "కవులు లేరు" అనునది పూర్వపక్షము. 354 పేర్లు ప్రమాణము. సిద్ధాంతము చదువరియే చెప్పుకొనును. తరువాత 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున ఆయన రాజుల యుద్ధములను ప్రక్కకు పెట్టి, జనుల తిండి, బట్ట, ఆటపాటలు, ఆచారములు ఎట్టివని యడిగి, సమాధానమును ప్రాచీన కావ్యములనుండి యేఱితెచ్చెను. ఆ గ్రంథమునకే 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీవారు తెలుగున తమ మొదటి బహుమానము నిచ్చిరి. కావ్యము లందఱును చదివినవే. వాని నడిగిన ప్రశ్న క్రొత్తది.

విశ్వవిద్యాలయములలోని మంచి వ్యాసములును ఇట్టివే. 1956లో బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయసాహిత్యముపై వ్రాసిన వ్యాసమునకు ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు డాక్టరేటు నిచ్చిరి. వడ్లు దంచుచు స్త్రీలు పాడు పాటయు విచారణకు తగినదేయని దానివలన స్థిరపడినది. ఇక మన సీమకు మిక్కిలి దగ్గఱిది తూమాటి దొణప్పగారి ఆంధ్ర సంస్థానములు – సాహిత్య పోషణము. 1969లో ప్రకటితమైన యీ సిద్ధాంతగ్రంథమున గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానముల ప్రభువులు పండితుల నెట్లు పోషించిరో వివరింపబడినది. దొణప్పగారు అనంతపురము సీమవారు. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయమునకు తరువాత మొదటి ఉపాధ్యక్షులైరి. మన యింటి పెట్టెలలోని సంగతులను పొరుగు సీమవారు వచ్చి వ్రాసిపెట్టిరి. అందులకు వారికి కృతజ్ఞులము. ఆ తరువాతి పని మన పిల్లలది.

అట్టి పనికి పూనుకొన్న యొక బాలిక కథ చెప్పెదను. ఆమె నా శిష్యురాలు, పేరు చెప్పను. నాలుగైదేండ్ల క్రిందట నాయొద్దకు వచ్చి, "సారూ, గద్వాల సంస్థాన సాహిత్యము – సమగ్ర పరిశీలనము అని పేరు పెట్టుకొన్నాను" అనెను. నేను "అమ్మా, దొణప్పగారి పుస్తకము చదివినవానికి నీవు క్రొత్తగా చెప్పున దేమి?" అని యడిగితిని. ఆమె కొంతసే పూరకుండి, "చదివిన తరువాత వచ్చి చెప్పుతాను సార్" అని వెళ్లిపోయెను. మూడు నెలలకు వచ్చినది. ఈ మాఱు "సమగ్ర" మను మాట లేదు. "పండితులకు ప్రభువులు వార్షికము లిచ్చిరని చదివినాను. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసినది, సంస్థానములు పోయినవి. వార్షికములు నిలిచిన మఱుసటేడు ఆ యిండ్లలో పొయ్యి యెట్లు వెలిగినది సార్?" అని యడిగెను. నా తొమ్మిదివందల చీటీలలో లేనిది ఆ యొక్క ప్రశ్నయందున్నది. ఆ ప్రశ్నకు కాలపరిమితి యున్నది, స్థలపరిమితి యున్నది, ప్రమాణము లెచ్చట దొరకునో జాడ యున్నది. పాఠశాలల నియామక పత్రములు, ఇంటి లెక్కల పుస్తకములు, ఉత్తరములు, బ్రతికియున్న వృద్ధుల నోటిమాటలు – ఇన్నియు ఆ ప్రశ్నయే ఆమెకు చూపించినది. సమగ్రమనునది ప్రశ్న కాదు; దొడ్డి గోడ లేని పొలము. ఏ పశువైన వచ్చి మేయును.

విద్యార్థులారా, పేరు నమోదు చేయించుకొనకమునుపే యొక్క కాగితముమీద నాలుగు మాటలకు సమాధానము వ్రాసికొనుడు. శాస్త్రగ్రంథములకు మొదట చెప్పు అనుబంధచతుష్టయమే యిది. విషయ మేది? ప్రయోజన మేమి, అనగా దీని నెఱిగినందున ఎవరికేమి క్రొత్తగా తెలియును? సంబంధ మేమి, అనగా మీ ప్రశ్నకును మీరు చూడబోవు ప్రమాణములకును పొత్తు కుదురునా? అధికారి యెవరు, అనగా ఈ పనికి వలసిన సాధనములు మీకు కలవా? ఈ నాలుగవది మిక్కిలి ముఖ్యము. నిజాము రాజ్యమున కచేరీ భాష మొదట పారసీ. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమునుండి ఉర్దూ. సంస్థానముల చరిత్ర వ్రాయబూనినవాడు ఉర్దూ చదువ నేర్వనిచో సగము కాగితములు వానియెదుట మూగవోవును. తాళపత్రములమీద పని చేయువానికి పాత లిపియు, గొలుసుకట్టు వ్రాతయు అలవడవలెను. మొదటి సంవత్సరమున ఈ విద్యలు నేర్చుకొన్నవాడు తక్కిన రెండేండ్లు సుఖపడును.

ప్రమాణములనుగూర్చి యిక రెండు హెచ్చరికలు. వనపర్తి సంస్థానముతో సంబంధము కలిగియుండిన మానవల్లి రామకృష్ణకవిగారు (1866–1957) నన్నెచోడుని కుమారసంభవమును తంజావూరి గ్రంథాలయమునుండి వెలికితీసి 1909లో ప్రకటించిరి. ఆంధ్రలోకమునకు అది యొక మహోపకారము. అయితే నన్నెచోడుడు నన్నయకంటె ముందటివాడని వారు నిర్ణయించినదానిని తరువాతి పండితులు పలువురు అంగీకరింపలేదు. కవికాలముపై చాలయేండ్లు వాదము నడచినది. గ్రంథమును కనుగొనుట యొక పని. దాని కాలమును తేల్చుట వేఱొక పని. కనుగొన్న సంతోషమున రెండవదానిని తొందరపడి చేయరాదు. తమకు దొరికిన కాగితము అన్నిటికంటె ప్రాచీనమైనదని ప్రతివానికిని తోచును. ఆ తోచుటనే మొదట పరీక్షింపవలెను.

రెండవ హెచ్చరిక మన యందఱికిని సంబంధించినది. ప్రతి కులమునకును కులపురాణ మొకటి కలదు. మన బాలబాలికలలో కొందఱు మన కులచరిత్రనే వ్యాసవిషయముగ గైకొన నెంచుచున్నారు. గైకొనవచ్చును. కాని కులపురాణము దేనికి ప్రమాణము? కృతయుగమున జరిగినదానికి అది ప్రమాణము కాదు. ఆ పురాణము కూర్చినవారును పాడించుకొన్నవారును తమ్ముగూర్చి యేమనుకొనిరో, లోకము తమ్మెట్లు గౌరవింపవలెనని కోరిరో, దానికి మాత్ర మది తిరుగులేని ప్రమాణము. అట్లే థర్‌స్టన్ 1909లో దక్షిణదేశపు కులములు, తెగలపై ప్రకటించిన యేడు సంపుటములను, సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాము రాజ్యపు కులములు, తెగలపై ప్రకటించిన గ్రంథమును చదువునప్పుడు, ఆ మాట యెవరు చెప్పిరి, ఎవరితో చెప్పిరి, ఎందుకు చెప్పిరి యని యడుగవలెను. అధికారి వ్రాసినంత మాత్రమున సత్యము కాదు. మనకు రుచింపనంత మాత్రమున అసత్యమును కాదు.

ప్రమాణముల తావులును మన చేరువనే కలవు. అలంపురము ఆలయములు, శాసనములు ప్రత్యక్షముగ నున్నవి. ఆ శాసనములను చదువుచు జీవితము గడపిన గడియారము రామకృష్ణశర్మగారు (1919–2006) ఆ యూరివారే. వారి యాత్మకథ శతపత్రమునకు వారి యనంతరము కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. నాగర్‌కర్నూలు సీమలో కపిలవాయి లింగమూర్తిగారు (1928–2018) కాలినడకన తిరిగి స్థలచరిత్రలను, తాళపత్రములను సేకరించిరి. తెలుగు విశ్వవిద్యాలయమువారు 2014లో వారికి గౌరవ డాక్టరేటు నిచ్చిరి. హైదరాబాదున ప్రాచ్య లిఖిత గ్రంథాలయమును, తార్నాకయందలి రాష్ట్ర పురాలేఖ భాండారమును, 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును కలవు. దేశమందలి విశ్వవిద్యాలయములు ఆమోదించిన వ్యాసములను శోధగంగ యను భాండారమున కంప్యూటరు ద్వారా ఇంటినుండియే చదువవచ్చును. మీ ప్రశ్నను మీకంటె ముందు వేఱొక రడిగిరేమో మొదట అచ్చట చూచుకొనుడు.

ఇక రచనాక్రమము. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2022లో చేసిన నియమముల ననుసరించి పిహెచ్.డి.కి తక్కువ గడువు మూడేండ్లు. ఎక్కువ గడువు ఆఱేండ్లు. తిరిగి నమోదుతో మఱి రెండేండ్లు పొందవచ్చును. స్త్రీలకు వేఱుగ రెండేండ్ల సడలింపును, మొత్తముమీద 240 దినముల ప్రసూతి, శిశుపోషణ సెలవును కలవు. ఆ నియమములతోనే ఎం.ఫిల్. నిలిచిపోయినది, కనుక ఎం.ఏ. తరువాత చిన్న వ్యాసముతో చేయి తిప్పుకొను నవకాశ మిప్పుడు లేదు. మొదటి వ్యాసమే పెద్ద వ్యాసము. గడువు పెద్దదిగ కనబడును. నా యేడేండ్లును అట్లే కనబడినవి.

నా శిష్యురాలు చేసిన విభాగమును చెప్పెదను. మొదటి యాఱు నెలలు చదువు, ప్రశ్ననిర్ణయము. తరువాతి పదునెనిమిది నెలలు ప్రమాణసేకరణము. మిగిలిన పండ్రెండు నెలలు రచన. అయితే రచనను చివరి యేటికి దాచియుంచలేదు. ప్రతి శనివారమును ఆ వారము చూచినదానినిగూర్చి రెండు పుటలు వ్రాసెడిది. నెలకొకసారి వానిని పర్యవేక్షకుల చేతికిచ్చెడిది. నోటిమాటగ నడుగక కాగితము నిచ్చినందున వారికి దిద్దుటకు వస్తువు దొరకినది. పుస్తకమునుండి యేమి వ్రాసికొన్నను గ్రంథము పేరు, పుటసంఖ్య అప్పుడే వేసికొనెడిది. ఒరుల వాక్యమును కొటేషను గుర్తులలో పెట్టుట మఱచి, కొన్ని నెలలకు దానిని తన వాక్యమే యనుకొని దొంగతనపు నింద పడినవారు కలరు. 2018 నియమములలో పదిశాతము మించిన పోలికకు శిక్షలు చెప్పబడినవి. శిక్ష యటుండనిండు, ఒరుల సొత్తును తనదనుట మన పెద్దలు నేర్పిన మర్యాద కాదు. వ్రాసినదాని ప్రతులను రెండు వేఱువేఱు తావులలో దాచెడిది. ఈ యొక్క యుపదేశము మాత్రము నాది. చెదలు నాకు నేర్పినది.

ప్రకరణముల విషయమున నొక్క మాట. ప్రవేశికను చివర వ్రాయవలెను. ఇల్లు కట్టకమునుపు గృహప్రవేశ మెట్లు? ముందు మీకు బాగుగ తెలిసిన నడిమి ప్రకరణముతో నారంభింపుడు. అంతయు ముగిసిన పిమ్మట, గ్రంథతాత్పర్యమును తెలిసికొనుటకు మన శాస్త్రకారులు చెప్పిన యాఱు గుర్తులతో మీ వ్యాసమును మీరే పరీక్షింపుడు. ఉపక్రమోపసంహారములు, అనగా మొదట నడిగినదానికే చివర సమాధాన మున్నదా? అభ్యాసము, అనగా ప్రతి ప్రకరణమును ఆ ప్రశ్నవైపునకే తిరుగుచున్నదా? అపూర్వత, అనగా ఇదివఱకు లేని దేమున్నది? ఫల మేమి? ఉపపత్తి, అనగా యుక్తి నిలుచునా? అర్థవాదము, అనగా పొగడ్త, ఎంతలో నున్నది? మన వ్యాసములలో కడపటిదే మిక్కిలి పెరుగుచుండును.

ఈ పొగడ్త మాటతో నేను పోషకుల విషయమునకు వచ్చుచున్నాను. మహాశయులారా, మన్నింపుడు, మీ యుప్పు తిన్నవాడనే యీ మాట చెప్పుచున్నాను. మన సీమకు విద్వద్గద్వాల యను కీర్తి యూరక రాలేదు. ప్రభువులు పండితులకు అన్నము పెట్టిరి. పండితులు గ్రంథము లంకితమిచ్చిరి. కృతిపతిని కీర్తించుట ఆనాటి ధర్మము. సిద్ధాంతవ్యాసమునకు కృతిపతి లేడు. ధనమిచ్చినవానికి కృతజ్ఞత చెప్పు పుట యొకటి కలదు. తీర్పు చెప్పు పుటపై వానికి హక్కు లేదు. ఈ భేదము తెలియనందున నొక మంచి వ్యాసము నాలుగు నెలలు నిలిచిపోయినది. అది నా శిష్యురాలి వ్యాసమే.

మన పెద్దలలో నొకరు ఆమెకు రెండేండ్లు గది కిరాయి నిచ్చిరి. తమ యింటి పెట్టెను తెఱచి పాత కాగితములును చూపిరి. ఆ యింట నొక శతకమున్నది. అది వారి ముత్తాత చేసినదని మూడు తరములుగ గర్వము. ఆ కాగితములలో ఆమెకు నొక పండితుని యుత్తరము దొరికినది. "శతకము వ్రాసినందులకు రావలసిన వార్షికశేషము" నిప్పించుమని ఆ పండితుడు ముత్తాతగారిని వేడుకొనియుండెను. ఈ సంగతి తెలిసి పెద్దలు నొచ్చుకొనిరి. "మా యింట తిని మా తాతను దొంగను చేస్తావా బిడ్డా" అనిరి. ఆమె కలము నిలిచినది. నాయొద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొన్నది. అప్పుడు నేనేమంటినో చెప్పుటకు సిగ్గగుచున్నది. "ఒక్క పుటయే కదమ్మా, వదలివేయుము" అంటిని.

ఆమె వదలలేదు, దూకుడుగ వ్రాయనును లేదు. "వ్రాసినందులకు" అను మాటను పట్టుకొని విచారించెను. వ్రాయుట యనగా రచించుటయు కావచ్చును, చూచి యెత్తి వ్రాయుటయు కావచ్చును. ఆ పండితునివే యైన ఇతర యుత్తరములను తెచ్చి, అందు ఆయన ఆ మాట నే యర్థమున వాడెనో చూచెను. రెండర్థములును కానవచ్చినవి. కావున శతకకర్త యెవరో యీ యొక్క యుత్తరముతో తేలదనియు, పండితుని చేయి మాత్రము అందు కలదనియు, ఆయన పేరు ఇకమీద చెప్పవలసినదే యనియు నిర్ణయించెను. వ్రాసిన పుటను మొదట ఆ పెద్దలకే తీసికొనిపోయి యిచ్చెను. నేనును వెంట పోతిని. వారు రెండు మాఱులు చదివిరి. చాలసేపు మాటాడలేదు. కడపట నాతో, "సారూ, మా తాతకు పద్యము రాకపోతే పాయె. పండితునికి అన్నం పెట్టినాడు గద. ఆ మాట గూడ రాయమనుండ్రి బిడ్డను" అనిరి. ఆ మాటయు వ్రాయబడినది. పెట్టెలో మిగిలిన కాగితములనుగూడ వారామె కిచ్చిరి. ఆమెకు పట్టము వచ్చినది. నాటి నా సలహాను ఆమె పాటించియున్నచో పట్టము వచ్చియుండును గాని సిద్ధాంతము వచ్చియుండదు.

కావున నేను కోరునవి నాలుగు. మొదటిది: ప్రతి సంవత్సరమును ఒక్క పరిశోధక విద్యార్థికైనను మూడేండ్లు నిలుచు వేతనము నీయుడు. జాతీయ పరీక్షలో గెలిచి పరిశోధక వేతనము పొందువారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలని నిర్ణయింపబడినది; వారికి మన సాయ మక్కఱలేదు. ఆ వేతనము రానివారికి గది కిరాయి, బస్సు ఖర్చు, కాగితముల నకలు ఖర్చు ఇచ్చిన చాలును. రెండవది: మీ యిండ్లలోని పెట్టెలను వానకాలమునకు ముందే తెఱువుడు. ఉత్తరములు, లెక్కపుస్తకములు, తాళపత్రములు, పాత ఫోటోలు – పనికిమాలినవని మీకు తోచినవే ముందు చూపుడు. ఛాయాచిత్రములు తీయనిచ్చి అసలును మీయొద్దనే యుంచుకొనుడు. మూడవది: మన మహాసభ సంచికలను వరుసగ సేకరించి మన విద్యార్థి వసతిగృహమున నొక బీరువాలో పెట్టుడు. ఎవరు చందా నిచ్చిరో, ఎవరు తీర్మానమును వ్యతిరేకించిరో రేపు వచ్చి యడుగువానికి ఈ పుటలే ప్రమాణములు. నాలుగవది: పరిశోధన చేయు కోడలిని, కూతును "ఇంకెన్నాళ్లు?" అని యడుగకుడు. "ఈ వార మేమి వ్రాసితివి?" అని యడుగుడు. మొదటి ప్రశ్న కలమును ఆపును, రెండవది నడపును.

కోరనిది యొక్కటి కలదు. మా కులము గొప్పదని వ్రాయుమని మాత్రము వారిని కోరకుడు. నిజమును తడబడక వ్రాయగల పిల్లలు మన యిండ్లలో పుట్టినారనునదే చాలినంత గొప్ప.

నా పెట్టె చెదలపాలైనది. మీ పెట్టెలింకను అటుకలమీద నున్నవి. ఈ సభ ముగించుకొని యిండ్లకు పోయిన పిదప, నిచ్చెన వేసి యొక్కసారి దింపి చూడుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.